నీళ్ళు రాని ఏడు పెట్టిన పలక

బస్సు దిగినవాళ్ళు ముందు చర్చి చూస్తారు. తర్వాత పూర్వం నేరస్థుల కాళ్ళు బిగించిన బొండకొయ్య దగ్గరికొచ్చి, అందులో కాళ్ళు పెట్టి, నవ్వుతూ ఫొటోలు తీయించుకుంటారు. మా తాతల కాలంలో అందులో కాళ్ళు పెట్టినవాడెవడూ నవ్వలేదు. ఆపైన టీ కొట్టు, పాత సీసపు గని, దొరగారి తోట. ఆగస్టులో బావుల పండగ వారమైతే మాత్రం ఐదు బావులూ వరసగా చూసుకుంటూ కిందికి దిగుతారు. అయిదోది మా ఇంటి ఎదురుగా ఉంటుంది. అక్కడికొచ్చాక అందరూ ఒకటే అడుగుతారు.

"పెద్దాయనా, ఆ ఎడమ పక్క పలక మీద పువ్వులు రాలిపోయాయా?"

"లేదు."

"మరి?"

"అలాగే పెడతాం."

అంతకు మించి నాకు మాటలు రావు. వాళ్ళు ఆ పలకని ఇంకాసేపు చూసి, గోడ మీద కూర్చున్న నన్నొకసారి చూసి వెళ్ళిపోతారు. మా ఆవిడ హెస్టర్ ఉంటే అందరినీ కూర్చోబెట్టి మొత్తం చెప్పేది. టీ కూడా ఇచ్చేది. ఆమె లేదు. ఒకసారి కాగితం మీద పెట్టేస్తే నాకు అడిగినవాళ్ళందరికీ చెప్పే బాధ తప్పుతుంది.

మా మెల్‌డేల్ కొండ వాలు మీద ఉంటుంది. పైన చర్చి, దొరగారి ఇల్లు, బడి, కలిగినవాళ్ళ ఇళ్ళు. అది మీదూరు. కింద ఏటి పక్కన గని కూలీల ఇళ్ళు, ఒకదాని భుజానికి ఒకటి ఆనుకుని. అది కిందూరు. గని మూతపడి ఎన్నేళ్ళయినా ఆ తేడా మూతపడలేదు. మీదూరివాళ్ళకి కిందికి దిగే పనేముంది? ఏడాదికి ఒక్కరోజు దిగేవాళ్ళు. బావుల పండగ రోజు.

ఎంత కరువులోనూ ఊటలు ఆగలేదని ఏ కాలంలోనో మొక్కుకున్నారట. అప్పటినుంచి ఏటా బావులకి పూలు పెడతాం. మా బావులంటే చేదతో తోడేవి కావు, ఊటనీళ్ళు రాతి గొట్టంలోంచి తొట్టిలోకి ధారగా పడేవి. ఉత్తినే దండలు వేయడం కాదు. పెద్ద చెక్క పలకకి మేకులు కొట్టి ఏట్లో నానేస్తాం. ఉప్పు కలిపి కాళ్ళతో తొక్కిన బంకమట్టి దాని మీద పరుస్తాం. బొమ్మ గీసిన కాగితం మట్టి మీద పెట్టి, గీతల వెంబడి సూదితో పొడుస్తాం. కాగితం లాగేస్తే మట్టిలో చుక్కల బొమ్మ మిగులుతుంది. ఆ చుక్కల వెంట ఏటి గట్టు చెట్ల నల్లకాయలు గుచ్చి, తర్వాత నాచు, ఆకులు, ఆఖరున పూరేకులు అద్దుతాం. రేకులు అడుగునుంచి పైకి పెట్టుకుంటూ రావాలి, ఇంటికి పెంకులు కప్పినట్టు. పైనుంచి మొదలుపెట్టినవాడి బొమ్మ మొదటి వానకే ఊడి కాళ్ళ దగ్గర పడుతుంది.

పండగనాడు బ్యాండూ, పాదిరీ గారూ, జనమూ పై బావి దగ్గర బయల్దేరతారు. ఒక్కో బావి దగ్గరా ప్రార్థన. పాదిరీ గారు ఆ బావి నీళ్ళు గ్లాసులో పట్టి ఒక గుక్క తాగుతారు. చివరిది మాది. దొరసానులూ, మీదూరి షావుకార్లూ, షెఫీల్డ్ నుంచి వచ్చిన చూపరులూ అందరూ మా గుమ్మాల ఎదుట నిలబడతారు. ఆ రోజు కోసం హెస్టర్ మా గుమ్మం రాయిని వారం ముందునుంచి రుద్దేది.

"ఏడాదంతా మనల్ని కొండ మీదనుంచి చూస్తారు. ఆ ఒక్కరోజూ ఎదురుగా నిలబడి చూస్తారు" అనేది.

వాళ్ళ అమ్మ, అమ్మమ్మ కూడా ఆ బావికే పూలు పెట్టారు. హెస్టర్ పుట్టింది ఆ ఇంట్లోనే. ఇల్లరికం వచ్చినవాణ్ణి నేను.

పై బావి థర్జా ఆల్సప్‌ది. చర్చి గేటు పక్కనే ఉంటుంది, చూపరుల కన్ను ముందు పడేది దాని మీదే. థర్జా మనిషి పొట్టి. గొంతు మాత్రం చర్చి గంట. హెస్టరూ ఆవిడా బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. వాళ్ళ మధ్య మాటలు ఆగిపోయింది పంతొమ్మిది వందల యాభై తొమ్మిదిలో.

ఆ ఏడు వానల్లేవు. పై బావి ఎండిపోయింది. మాది ఆగలేదు. సున్నపురాయి నేల కింద నీళ్ళు ఏ దారిన పోతాయో ఎవరికెరుక? మీదూరివాళ్ళు బకెట్లు పట్టుకుని మా తొట్టి ముందు వరసకట్టారు. పండగ దగ్గరపడ్డాక, పై బావికి పలక పెట్టాలా వద్దా అని చర్చి హాల్లో కూర్చున్నారు. పెడితే ఏం పోయింది అన్నట్టే ఉన్నారు అందరూ. అప్పుడు హెస్టర్ లేచింది.

"నీళ్ళిచ్చినందుకు పువ్వులు పెడతాం. ఇవ్వని బావికి దేనికి పెట్టడం? దేవుడికి అబద్ధం చెప్పడానికా?"

కాదనడానికి లేదు. పాతవాళ్ళు కూడా ఆ మాటే అనేవాళ్ళు మరి. ఆ ఏడు పై బావికి పలక లేదు. అప్పటికే థర్జా మొగుడు జాబెజ్ బొమ్మ గీశాడు. మట్టి పరిచారు. సూదితో పొడిచారు కూడా. ఆ పలక వాళ్ళ బట్టలుతికే కొట్టంలోనే ఎండి బీటలు వారింది. జాబెజ్‌కి గని మేస్త్రీగా చేసినప్పుడు పట్టిన దగ్గు ఉండేది. ఆ క్రిస్మస్ చూడకుండానే పోయాడు.

ఆ తర్వాత ఆ ఇద్దరూ ఏం చెప్పుకోవాలన్నా నా ద్వారానే. నాకేమో మాటలంటే రాళ్ళు మోసినట్టు. నిజానికి రాళ్ళు మోయడమే నయం, నా పనే అది. కొండల మీద సున్నం లేకుండా రాతి గోడలు కట్టేవాణ్ణి. కొట్లో ఎదురుపడితే ఇలా ఉండేది.

"ఈనక్, మీ ఆవిడతో చెప్పు, ఆవిడ బుట్ట నా కాలి మీద పెట్టిందని."

హెస్టర్ నా పక్కనే ఉంటుంది.

"ఈనక్, ఆవిడతో చెప్పు, కాలు దారికి అడ్డం చాపితే బుట్టదేం తప్పని."

నేను ఎవరికీ ఏమీ చెప్పేవాణ్ణి కాదు. బుట్ట తీసి ఇవతల పెట్టేవాణ్ణి.

"మొద్దు" అనేవాళ్ళు ఇద్దరూ. ఆ ఒక్క ముక్క దగ్గర వాళ్ళకి పేచీ లేదు.

ఇక డెబ్బయ్యారు. ఆ ఎండాకాలం గుర్తున్నవాళ్ళు ఇప్పటికీ దాని గురించే మాట్లాడతారు. వసంతంలో మొదలైన ఎండ ఆగస్టుకీ దిగలేదు. కొండ మీద పచ్చదనమంతా పోయి, మాడిన రొట్టె పెచ్చులా అయింది. మధ్యాహ్నం గోడ రాయి పట్టుకుంటే చెయ్యి చుర్రుమనేది. తోటలకి పైపులతో నీళ్ళు పెట్టొద్దని ఆర్డరొచ్చింది. కిందూరి ఆడవాళ్ళు గిన్నెలు కడిగిన నీళ్ళూ, స్నానం చేసిన నీళ్ళూ పోసి పండగ కోసం పూలమొక్కలు బతికించారు.

"ఈ ఏడు పలకల మీది దేవదూతలందరి దగ్గరా సబ్బు వాసనొస్తుంది" అన్నాడు పక్కింటి విల్ఫ్.

హెస్టర్‌కి అప్పటికే తుంటి కీలు పట్టేసింది. కిటికీ దగ్గర కుర్చీలోంచి లేవాలంటే నేను పట్టుకోవాలి. పలకలు నేనే తీసుకెళ్ళి వంతెన కింద మిగిలిన మడుగులో రాళ్ళెత్తి ముంచాను. విల్ఫూ నేనూ ప్యాంట్లు మోకాళ్ళ పైకి మడిచి పెరట్లో మట్టి తొక్కాం. హెస్టర్ లోపల్నుంచే పెత్తనం.

"ఉప్పేశారా?"

"వేశాం తల్లీ."

"రుచి చూశారా?"

"నీ మొగుడి కాళ్ళు తొక్కిన మట్టి రుచి చూడమంటావా!" అన్నాడు విల్ఫ్.

"మా అమ్మ చూసేది. చూడు."

విల్ఫ్ వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాడు. మొహం చిట్లించాడు.

"ఉప్పు సరిపోయింది. ఈనక్ ఎక్కువయ్యాడు."

హెస్టర్ నవ్వు పెరట్లోకి వినబడింది. ఆ సాయంత్రం ఒక పలకకి మట్టి పరిచి, నున్నగా చేసి, తడిగుడ్డ కప్పాను.

మర్నాడు పొద్దున నేను టీ తెచ్చేసరికి ఆమె చెవి కిటికీ వైపు పెట్టి కూర్చుని ఉంది.

"ఆగిపోయింది" అంది.

బయటికెళ్ళి చూశాను. రాతి గొట్టం మూతి ఇంకా తడిగానే ఉంది. ఒక చుక్క వేలాడుతోంది గానీ పడటం లేదు. తొట్టి అడుగున నాచు కనబడుతోంది. నేను మాట్లాడని మనిషినే, కానీ మా వీధి అంత మూగగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. ఆ ధార చప్పుడు లేకుండా హెస్టర్ పుట్టి బుద్ధెరిగాక నిద్రపోయిందీ లేదు, లేచిందీ లేదు.

లోపలికొచ్చి, "గొట్టంలో రాయి అడ్డం పడుంటుంది" అన్నాను.

"నీకు అబద్ధాలు రావు. టీ ఇటియ్యి" అంది.

మధ్యాహ్నానికి లమ్లీ గారు దిగొచ్చారు. బ్యాంకులో పనిచేసి రిటైరై మీదూరికొచ్చిన మనిషి. పండగ కమిటీకి పెద్ద. మంచాయన. కింది ఇళ్ళలోకి వచ్చినప్పుడు తల వంచి రావాలని గుర్తుండదు. ఎప్పటిలాగే ద్వారబంధానికి నుదురు కొట్టుకుని, టోపీ చేతిలోకి తీసుకుని కూర్చున్నారు.

"హెస్టర్ గారూ, ఒక మాట. విల్ఫ్ కుళాయి నుంచి చిన్న పైపు గోడ వెనకగా లాగుదాం. పండగనాడు ఒక్క గంట. ఎవరికీ తెలియదు."

"నాకు తెలుస్తుందిగా."

"అది కాదండీ..." టోపీ తిప్పారు. "వచ్చే ఏటి నుంచి చూపరుల కోసం మ్యాపు అచ్చేయిస్తున్నాం. బస్సులు ఎక్కడ ఆగాలి, ఎటు నడవాలి, అన్నీ అందులో ఉంటాయి. ఈ ఏడు మీ బావికి పలక లేకపోతే ఊరేగింపు వంతెన దగ్గరే ఆపేద్దామంటున్నారు. ఒకసారి అక్కడ ఆగిందంటే మళ్ళీ ఇటు దించడం నావల్ల కాదు. మ్యాపులో నాలుగు బావులే పడతాయి."

"ఎవరంటున్నారు?"

"కమిటీ."

"కమిటీ అంటే మీరేగా లమ్లీ గారూ."

"నేనొక్కణ్ణేనా అండీ" అన్నారాయన, చాలా ఇబ్బందిగా.

"పైపు పెడితే ఏం పోయింది?" అన్నాను నేను.

ఇద్దరూ నావైపు తిరిగారు, పొయ్యి మీద కెటిల్ మాట్లాడినట్టు.

"థర్జా బావికి ఒక న్యాయం, నా బావికి ఒక న్యాయమా?" అంది హెస్టర్. "ఆ రోజు హాల్లో లేచి అన్నది నేనే. ఊరంతా విన్నది. పువ్వులు పెట్టొద్దు ఈనక్. పైపూ వద్దు."

లమ్లీ గారు మళ్ళీ నుదురు కొట్టుకుని వెళ్ళిపోయారు. ఆమె చాలాసేపు కిటికీలోంచి ఖాళీ వీధిని చూసింది. ఆ వీధిలోకి జనం వస్తారనే ఆమె గుమ్మం రుద్దేది.

"ఇక మన వీధిలోకి ఎవరూ రారు" అంది, నాతో కాదు.

తర్వాత నావైపు తిరిగింది.

"మనవాళ్ళు గిన్నెల నీళ్ళు పోసి పెంచిన పువ్వులు. వాడిపోతాయి. పై బావికి ఇచ్చిరా."

"థర్జాకా?"

"బావికి."

చక్రాల బండిలో హైడ్రాంజియాలూ బంతులూ తడిగోనె కింద పెట్టుకుని కొండెక్కాను. చర్చి వెనక కొట్టంలో మీదూరి ఆడవాళ్ళు పలక చుట్టూ బల్లల మీద వంగి రేకులు అద్దుతున్నారు. నన్ను చూసి థర్జా నడుం నిఠారు చేసింది.

"ఏంటది?"

"పువ్వులు."

"కళ్ళున్నాయిలే. ఎవరు పంపారు?"

"హెస్టర్."

"ఏమని?"

"బావికి."

ఆవిడ గోనె ఎత్తి చూసింది. ఆ ఏడు అంత తెల్లటి హైడ్రాంజియాలు మీదూర్లో దొరసాని తోటలో కూడా లేవు.

"లమ్లీ పైపు పెడతానన్నాడటగా?"

"ఆ."

"వద్దందా?"

"ఆ."

"ఒట్టేసి చెప్పు."

"ఒట్టు."

థర్జా బోర్లించిన బకెట్ మీద కూలబడింది.

"ఇన్నేళ్ళూ నేను ఒక్కటే కోరుకున్నాను ఈనక్. దాని బావి ఎండాలి. అది చాటుగా నీళ్ళు పోస్తూ నాకు దొరకాలి. హాల్లో లేచి నిలబడి కడిగేద్దామని మాటలు కూడా పేర్చిపెట్టుకున్నాను. అంట్లు తోముతూ వల్లె వేసేదాన్ని."

ఆడవాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"ఆ సంతోషం కూడా నాకు దక్కనివ్వలేదు మహాతల్లి" అంది. కాసేపు ఒక పువ్వుని చేతిలో తిప్పి, "నువ్వు మట్టి పరిచేశావా?" అని అడిగింది.

"ఒక పలకకి."

"ఏం చేస్తావు దాన్ని?"

"గీకేస్తా."

"గీకొద్దు. గుడ్డ తడుపుతూ ఉండు. ఎందుకని అడక్కు. నోరు మూసుకోవడం నీకేం కొత్త కాదుగా."

పండగ ముందురోజు సాయంత్రం, ఎండ ఇంకా గోడల మీద ఉండగానే, వీధిలో చేతికర్ర చప్పుడైంది. థర్జా. చంకలో చుట్టిన కాగితం. యాభై తొమ్మిది తర్వాత ఆవిడ మా గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. గుమ్మం రాయి మీద ఒక్క క్షణం ఆగి, కాళ్ళు తుడుచుకుని మరీ వచ్చింది.

"ఈనక్, మీ ఆవిడతో చెప్పు, నేనొచ్చానని."

"ఈనక్, ఆవిడతో చెప్పు, నాకు చూపు బాగానే ఉందని. కూర్చోమను."

"పువ్వులు ముట్టాయని చెప్పు."

"ముట్టాలనే పంపానని చెప్పు."

నేను టోపీ తీసుకున్నాను.

"మీ ఇద్దరూ చెప్పుకోండి. నేను చెప్పను" అన్నాను. నా జన్మలో ఆ ఇంట్లో నేను గట్టిగా అన్న మాట అదే అనుకుంటా. పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాను. తలుపు తీసే ఉంది.

ముందు థర్జాయే మొదలుపెట్టింది.

"నువ్వన్నది పువ్వులు పెట్టొద్దనే. పలక పెట్టొద్దని అన్లేదు."

"పువ్వుల్లేనిది పలకెలా అవుతుంది?"

"ఉత్త మట్టి. అందులో పొడిచిన బొమ్మ. అంతే. కృతజ్ఞతలేం చెప్పట్లేదు, అబద్ధమూ లేదు. నువ్వు నీళ్ళివ్వు, మేం పువ్వులు పెడతాం, ఇదిగో చోటు ఉంచాం అని చూపించడం."

"ఇప్పుడు తోచిందా నీకు?"

"నాకు కాదు. జాబెజ్‌కి. యాభై తొమ్మిదిలో. పలక కొట్టంలో ఆనించి, ఇలాగే పెట్టేద్దామే థర్జా అన్నాడు."

"అడగొచ్చుగా."

"ఎవర్ని? నిన్నా? ఊరందరి ముందూ నన్ను దేవుడికి అబద్ధాలు చెప్పేదాన్ని చేశాక, నీ గుమ్మంలోకొచ్చి అడుక్కోవాలా?"

"నిన్ను అన్లేదు థర్జా. బావిని అన్నాను."

"బావికి చెవులుండవు. నాకున్నాయి."

తర్వాత కాగితం విప్పుతున్న చప్పుడు.

"ఇది... ఆ ఏడుదేనా?"

"అదే."

తలుపులోంచి చూశాను. బల్ల మీద పరిచారు. బైబిల్లో మోషే, నీళ్ళు రప్పించడానికి కర్రెత్తి బండని కొడుతున్నాడు. అంచులు పసుపెక్కాయి. గీతల వెంట పాత సూదిపోట్లు అలాగే ఉన్నాయి. బండ కింద మాత్రం ఖాళీ.

"నీళ్ళు గీయలేదేం?" అంది హెస్టర్.

"నీళ్ళకి గీతలెందుకే, తెల్ల హైడ్రాంజియా రేకులు పెడితే మెత్తగా వస్తుందన్నాడు. ఆ చోటు వదిలేశాడు."

హెస్టర్ ఆ ఖాళీ మీద అరచెయ్యి పెట్టింది. తర్వాత నా మీద అరిచింది.

"ఈనక్! పలక లోపలికి పట్రా. వింటున్నావని నాకు తెలుసు."

విల్ఫూ నేనూ మోసుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టాం. గుడ్డ తీస్తే మట్టి ఇంకా వెన్నలా ఉంది. ఆ ఇద్దరూ చెరో వైపు కూర్చుని, పాత పోట్లలోంచే సూదులు దింపుకుంటూ వచ్చారు. హెస్టర్ సూది ఒకచోట గీత తప్పింది.

"నెమ్మదే. మోషేకి మెల్లకన్ను పెడుతున్నావు."

"మీ ఆయన గీసిందే మెల్లకన్ను."

"నోర్ముయ్."

అని, థర్జాయే ముందు నవ్వింది. ఆపైన బళ్ళో బెంచీ మీద కూర్చున్న పిల్లల్లా ఇద్దరూ ఒకటే నవ్వు. విల్ఫ్ నన్ను మోచేత్తో పొడిచాడు.

క్షమించమని హెస్టర్ అనలేదు. థర్జా అనమనలేదు. మోషే చెయ్యి దగ్గరికొచ్చేసరికి హెస్టర్ సూది కింద పెట్టేసింది. ఆ చేతికి చూపుడు వేలు సగమే ఉంది. జాబెజ్‌కి ఆ వేలు గనిలో పోయింది. బొమ్మకి నమూనాగా తన చెయ్యే చూసుకుని గీశాడు.

"చెయ్యి నువ్వు పొడువు. అది ఆయనది" అంది.

థర్జా పొడిచింది. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

పండగనాడు నేనూ విల్ఫూ పొద్దున్నే ఆ పలక బావి మీద నిలబెట్టాం. మట్టి, చుక్కలు, అంతే. దూరంనుంచి చూస్తే ఏమీ లేనట్టే ఉంది. హెస్టర్‌ని కుర్చీతో సహా గుమ్మంలో కూర్చోబెట్టాను. నీలం గౌను వేసుకుంది. గుమ్మం రాయి నాచేత రుద్దించింది, నాకు రుద్దడం రాదని తిడుతూనే.

బ్యాండు పైనుంచి మొదలైంది. ఒక్కో బావి దగ్గరా ఆగుతూ దగ్గరయ్యింది. వంతెన దగ్గర పాట పాడారు. పాట అయిపోయింది. బాకాలు మళ్ళీ లేవలేదు. వంతెన పక్కనే టీ కొట్టువాళ్ళు పందిరి వేశారు, కప్పుల చప్పుడు మొదలైంది.

"అయిపోయింది" అంది హెస్టర్.

"ఊఁ" అన్నాను.

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. లోపలికి తీసుకెళ్ళమంటుందేమోనని నేను కుర్చీ వెనక్కి వెళ్ళాను. అప్పుడు కర్ర చప్పుడు వినబడింది.

వీధి మలుపులో థర్జా. ఒక్కతే, వెనక్కి తిరిగి చూడకుండా వస్తోంది. ఆవిడ వెనక కొట్టంలో రేకులు అద్దిన ఆడవాళ్ళు. వాళ్ళ వెనక విల్ఫ్, కెమెరాలు మెడలో వేసుకున్న చూపరులు కొందర్ని వెంటబెట్టుకుని.

"టీ ఇటేనా బాబూ?" అని అడుగుతున్నాడొక లావుపాటాయన.

"ఇటే, ఇటే. నాలుగడుగులు" అంటున్నాడు విల్ఫ్, సిగ్గులేకుండా.

థర్జా కోసం మడత కుర్చీ మోసుకుంటూ లమ్లీ గారొచ్చారు. ఖాళీ గ్లాసుతో పాదిరీ గారొచ్చారు. ఊరు ఊరంతా వచ్చిందని చెప్పను. సగం మంది పందిరి దగ్గరే ఉండిపోయారు. బ్యాండులో పెద్ద బాకా ఊదే ఆయన ఒక్కడే వచ్చాడు, అక్కడ కూర్చోవడానికి చోటు దొరకలేదట. అయినా మా వీధి నిండింది. అందరూ మా గుమ్మాల ఎదుట నిలబడ్డారు.

థర్జా వచ్చి హెస్టర్ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది.

పాదిరీ గారు కుర్రాయన, ఊరికి కొత్త. చేతిలో పుస్తకం తిరగేశారు. అందులో అన్నీ నీళ్ళిచ్చినందుకు చెప్పే ప్రార్థనలే ఉన్నాయి. ఏం చేయాలో తోచలేదు పాపం. పుస్తకం మూసి, అలవాటు ప్రకారం గ్లాసు గొట్టం కింద పెట్టారు. ఏమీ పడలేదు. ఆయన తియ్యలేదు. పట్టుకునే ఉన్నారు. ఆయన నిలబడ్డారు కాబట్టి అందరూ నిలబడ్డారు. టోపీలు తీశారు. అంతమంది ఉండి, ఆ ధార లేని చప్పుడు అందరికీ వినబడింది. అప్పటిదాకా హెస్టర్ ఒక్కతే వింటోంది దాన్ని.

టీ కోసం వచ్చిన లావుపాటాయన పలక వైపు తల వంచి, "ఇది ఇంకా పూర్తి కాలేదేమో" అన్నాడు మెల్లగా.

"కాలేదు. నీళ్ళు రావాలి" అంది హెస్టర్ గుమ్మంలోంచి.

"ఆమేన్" అన్నారు పాదిరీ గారు.

అది ప్రార్థన కిందికి వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. అందరూ ఆమేన్ అన్నారు.

జనం వెళ్తుంటే లమ్లీ గారు వీధి ఆ చివరినుంచి ఈ చివరిదాకా కొలిచినట్టు చూశారు.

"బస్సులు వంతెన దగ్గరే ఆగాలి, అది తప్పదు" అన్నారు. "నడిచే దారి మాత్రం ఇక్కడిదాకా గీయిస్తాను."

"తల జాగ్రత్త" అంది హెస్టర్. ఆయన మా ఇంట్లోకి రావట్లేదు. అయినా తల వంచుకున్నారు.

ఆ నెలాఖర్లో వానలు పట్టుకున్నాయి. అప్పటికే బీటలు వారిన మోషే రెండు రోజుల్లో కరిగి తొట్టిలోకి జారిపోయాడు. ధార మాత్రం ఆకులు రాలే కాలం దాకా రాలేదు. ఒక పొద్దున నేను బూట్లు తొడుక్కుంటుంటే, "ష్" అంది హెస్టర్. నాకేమీ వినబడలేదు. తర్వాత వినబడింది.

"జగ్గుతో పట్టుకుని థర్జాకి ఇచ్చిరా" అంది.

"ఏమని చెప్పను?"

"ఏమీ చెప్పకు. నీకిష్టమేగా."

థర్జా గుమ్మంలోనే నిలబడి జగ్గెత్తి తాగింది. మూతి తుడుచుకుంది.

"మా బావి నీళ్ళే నయం" అంది. నేను తిరిగి వస్తుంటే వెనకనుంచి అరిచింది. "మీ ఆవిడతో చెప్పకు. నేనే వచ్చి చెబుతా!"

మరుసటి ఏడు మా బావికి రెండు పలకలు పెట్టారు. కుడి పక్కది నిండా పువ్వులతో. ఎడమ పక్కది మట్టితో, జాబెజ్ మోషేతో, నీళ్ళ చోటు ఖాళీగా. ఎందుకు అని ఎవరూ అడగలేదు. ఆ తర్వాతి ఏడూ అలాగే. ఇద్దరూ బతికున్నన్నాళ్ళూ ఆ పలక వాళ్ళే పొడిచారు, మా ముందు గదిలో, ఒకరి తప్పులు ఒకరు ఎంచుకుంటూ. ముందు హెస్టర్ వెళ్ళింది. రెండు చలికాలాల తర్వాత థర్జా. ఆ మధ్యలో థర్జా పండగకి ముందు వచ్చి, ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంచి, ఒక్కతే పొడిచేది. అప్పుడు ఆవిడా నాలాగే మాట్లాడేది కాదు.

జాబెజ్ కాగితం చిల్లులు పెద్దవై చిరిగిపోయింది. దాని మీద కొత్త కాగితం పెట్టి దించుకున్నారు. ఇప్పుడు పొడిచేవాళ్ళు ఎక్కువమంది బయటినుంచి వచ్చి ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళు. ఓపికగానే చేస్తారు. మా ముందు గదిలోనే చేస్తారు. నేను టీ పెడతాను.

ఈ ఏడు వాళ్ళలో ఒకామె సూది ఆపి నావైపు చూసింది.

"ఈనక్ గారూ, దించేటప్పుడు ఇక్కడ పొరపాటు పడ్డట్టుంది. ఈ వేలు సగమే ఉంది. సరిచేసెయ్యనా?"

"వద్దు" అన్నాను.

ఆమె ఇంకేమైనా చెబుతానేమోనని కాసేపు చూసింది. కిటికీ తెరిచే ఉంది. బయట ధార పడుతోంది. ఆమె మళ్ళీ సూది అందుకుని, ఉన్నది ఉన్నట్టే పొడిచింది.